ట్రిమ్మర్ మార్చాలా, చెయ్యి మార్చాలా? .308 కేసులు ఒక్కోటి ఒక్కో పొడవు

#1 కొత్తచేయి

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే తప్ప రాయడం ఇదే మొదలు. బోల్ట్ యాక్షన్ .308 విన్‌చెస్టర్ రైఫిల్‌కి రీలోడింగ్ చేసుకుంటున్నాను, అంటే పేలిన ఇత్తడి కేసుల్లో (తూటా గొట్టాల్లో) కొత్త ప్రైమర్ (మందుని అంటించే చిన్న గిన్నె), మందు, బుల్లెట్ పెట్టి మళ్ళీ వాడుకోవడం. ఒకే తయారీవి వంద కేసులు, అన్నీ నాలుగేసిసార్లు పేలినవి. పేల్చిన ప్రతిసారీ సైజింగ్ డైలోంచి (ఉబ్బిన కేసుని నొక్కి మళ్ళీ కొలతకి తెచ్చే ఉక్కు అచ్చు) తీసి కొలిస్తే గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు దాటేస్తున్నాయి. దాంతో ప్రతిసారీ వందకి వందా ట్రిమ్ చెయ్యాల్సి (మూతి దగ్గర కోసి పొట్టి చెయ్యాల్సి) వస్తోంది.

నా దగ్గరున్నది చేత్తో తిప్పే పాత కోలెట్ (చీలికలున్న బిగింపు గొట్టం) రకం ట్రిమ్మర్. ఇంకొకరు వాడి వదిలేస్తే తెచ్చుకున్నాను. మొన్న 2.005కి సెట్ చేసి ఇరవై కేసులు కోశాను. కొలిస్తే ఒకటి 2.002, ఇంకోటి 2.009. మిగతావి ఆ మధ్యలో ఎక్కడ పడితే అక్కడ. ఏడు థౌల (అంగుళంలో వెయ్యో వంతుల) తేడా! ఇరవయ్యో కేసుకే చూపుడువేలి మీద బొబ్బ లేచింది, ఇంకా ఎనభై ఉన్నాయి.

ఇక దీన్ని పక్కన పడేసి కొత్తది కొందామనుకుంటున్నాను. డ్రిల్లుకి తగిలించేదా, మోటారుదా, ప్రెస్సు మీద కూర్చునేదా? ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు. మీరేం వాడుతున్నారు?

#2 గట్లనే

అన్నా, గింత సోచాయించుడెందుకు? డ్రిల్లుకు పెట్టే వర్ల్డ్స్ ఫైనెస్ట్ ట్రిమ్మర్ దీస్కో, పని ఖతం. నేను .223 రెమింగ్టన్ కేసులు బకెట్లకు బకెట్లు జేస్త. కేసును లోపలికి నెట్టాలె, జర తిప్పాలె, గరగర చప్పుడు బంద్ కాంగనే బయటికి గుంజాలె. గంతే. చెయ్యి నొయ్యది, బొబ్బలు లేవయి.

ఒక్కటే, ఇత్తడి రజను మస్తు ఎగుర్తది. కండ్లకు అద్దాలు పెట్టుకో. నేను ఒకపారి పెట్టుకోలే, మూడు దినాలు కన్ను ఎర్రగ నిప్పు లెక్క అయింది.

#3 లేత్‌బాబు

కొత్తచేయి గారూ, ఏ ట్రిమ్మర్ అనేముందు నాదో ప్రశ్న. మీ ట్రిమ్మర్ పొడవుని ఎక్కడి నుంచి లెక్కపెడుతోంది? కట్టర్ ఎక్కడ ఆగిందో అందరూ చూస్తారు. కేసు అవతలి కొస దేనికి ఆనిందో ఎవరూ చూడరు. లేత్ మీద పనిచేసేవాడికి ముందు నేర్పేది అదే. కొలత మొదలయ్యే చోటు కదిలితే ఎంత ఖరీదైన కట్టరైనా కదిలిన చోటికే కోస్తుంది.

ఈ లెక్కన చూస్తే మార్కెట్లో ఉన్నవన్నీ మూడే జాతులు. కేసు రిమ్‌ని (అడుగు అంచుని) పట్టుకునేవి మొదటి జాతి. కోలెట్‌వి, షెల్ హోల్డర్‌వి, చక్‌వి అన్నీ ఇందులోకే వస్తాయి. కేసు అడుగుని ఆనించేవి రెండోవి. భుజాన్ని (కేసు ఒళ్ళు సన్నబడి మెడగా మారే వాలుని) ఆనించేవి మూడోవి, గట్లనే గారు చెప్పినది ఆ జాతిదే. మోటారు ఉందా, చేత్తో తిప్పాలా అన్నది వేగం సంగతి, కచ్చితత్వానికి దానితో పనిలేదు.

మీ కోలెట్ సంగతికి వస్తే, బిగిస్తున్నప్పుడు అది రిమ్‌ని పట్టుకుని కేసుని వెనక్కి లాక్కుంటుంది. లావు రిమ్ అయితే ముందే పట్టు దొరుకుతుంది. సన్నని రిమ్ అయితే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాక గానీ దొరకదు. ఆ తేడా అంతా కేసు మూతి దగ్గర బయటపడుతుంది. దానికి తోడు తుపాకీలోని ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం లాగినప్పుడు రిమ్ మీద చిన్న గీరు, ఎజెక్టర్ రంధ్రం దగ్గర అడుగున చిన్న పొక్కు లేస్తాయి. వేలుగోరుతో తడిమితే తెలుస్తుంది. ఆ పొక్కే రెండు థౌలు ఉండొచ్చు.

కొనేముందు ఒక పరీక్ష చెయ్యండి. ఒకే ఒక కేసు తీసుకోండి. బిగించి, కోసి, విప్పి, కొలవండి. కట్టర్ అమరిక ముట్టుకోకుండా మళ్ళీ అదే కేసు బిగించి మళ్ళీ తిప్పండి. పదిసార్లు. రెండోసారి నుంచి కట్టర్‌కి ఇత్తడి అసలు తగలకూడదు. తగులుతూనే ఉంటే తేడా కేసుల్లో లేదు, పట్టులో ఉంది.

#4 సింగిల్‌షాట్

లేత్‌బాబు గారు చెప్పినదానికి కాస్త చేరుస్తాను.

నేను కాగితం మీద గుళ్ళు ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకునే రకం, వేగం నాకక్కర్లేదు. పదేళ్ళుగా ఎల్.ఇ. విల్సన్ ట్రిమ్మర్ ఒకటే వాడుతున్నాను. అందులో రిమ్‌తో పనే లేదు. కేసు ఒంటికి ఉండే ఏటవాలుకి సరిపడా ఉక్కు హోల్డర్ ఉంటుంది. కేసుని అందులోకి దూర్చి చెక్కతో ఒక్క దెబ్బ కొడితే అలా పట్టేసుకుంటుంది. అడుగు వెళ్ళి స్టాప్ స్క్రూకి ఆనుతుంది. ఒక్క థౌ తేడా వచ్చినా ఆ రోజు నేనేదో తప్పు చేసినట్టే. కాకపోతే కాలిబర్‌కో హోల్డర్ కావాలి. పేలిన కేసుకి ఒకటి, సైజు చేసిన కేసుకి ఒకటి కూడా విడిగా దొరుకుతాయి, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోవాలి.

భుజాన్ని ఆనించేవాటి మీద "పొడవు సమానంగా రాదు" అని ఫిర్యాదు వింటుంటాం. అది సగమే నిజం. అవి భుజం నుంచి మూతి వరకు ఉన్న మెడ పొడవుని సమానంగా కోస్తాయి. అడుగు నుంచి భుజం వరకు ఎంతుందన్నది మీ సైజింగ్ డై ఇష్టం. డై ఒక కేసు భుజాన్ని మూడు థౌలు ఎక్కువ నెట్టిందనుకోండి, ఆ కేసు మొత్తం పొడవు మూడు థౌలు తక్కువ వస్తుంది. క్యాలిపర్‌లో చూసి ట్రిమ్మర్‌ని తిట్టుకుంటాం. నన్నడిగితే, భుజం మీద నిలబడే కేసు చాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే గదిలో) ముందుకెళ్ళి ఆగేది భుజం దగ్గరే. మూతి ఎక్కడిదాకా చేరుతుందన్నది మెడ పొడవే తేలుస్తుంది. కాబట్టి అది తప్పు కొలత కాదు, వేరే కొలత.

#5 రివాల్వర్‌రావు

భుజమే లేని మాబోటి వాళ్ళ సంగతేంటి మరి? .38 స్పెషల్, .357 మాగ్నమ్, .44 మాగ్నమ్ వాళ్ళు ఆ మూడో జాతి వైపు చూడక్కర్లేదు, అది మనకి పనికిరాదు. నేను కొత్త కేసులకి ఒక్కసారి ట్రిమ్ చేస్తాను. రోల్ క్రింప్ (మూతిని బుల్లెట్ మీదకి లోపలికి మడవడం) అన్నిటికీ ఒకేలా పడాలి కదా, అందుకు. తర్వాత దాని జోలికి పోను. .45 ఏసీపీ, 9 మిల్లీమీటర్లు అయితే అదీ లేదు. అవి మూతి మీదే నిలబడే కేసులు, వాటిని పొట్టి చేస్తే మనకే నష్టం. మీ రైఫిల్ వాళ్ళ బాధలు మీరు పడండి.

#6 పెద్దకళ్ళజోడు

బాబూ కొత్తచేయీ, నీ ఇరవై కేసులూ కొలిచింది డీబర్ చెయ్యకముందా, తర్వాతా?

ఎందుకడుగుతున్నానంటే, కట్టర్ కోసినచోట మూతి లోపలా బయటా వెంట్రుకవాసి అంచు లేస్తుంది. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. దాని మీద క్యాలిపర్ పెట్టి కొలిస్తే ఆ అంచునే కొలుస్తున్నావు. ముందు లోపల చాంఫర్ (అంచుని వాలుగా గీకడం), బయట డీబర్ (లేచిన అంచు తీసెయ్యడం), ఒక్కో చుట్టు. ఆ తర్వాతే కొలత.

క్యాలిపర్ పట్టుకోవడంలో కూడా కిటుకుంది. కేసు రెండు దవడల మధ్య ఏమాత్రం వాలినా పొడవు ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నడూ చూపించదు. అందుకని కేసుని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, తిప్పుతూ, కనిపించిన అంకెల్లో చిన్నదాన్ని తీసుకోవాలి. దవడల కొసల్లో కాకుండా కాస్త లోపలికి, మందం ఉన్నచోట పెట్టాలి. ప్రతి పది కేసులకీ దవడలు తుడిచి మూసి సున్నా చూసుకో. నా డయల్ క్యాలిపర్ పళ్ళలో ఒకసారి ఇత్తడి రవ్వ ఇరుక్కుని, అరపూట వంద కేసులు తప్పు కోశాను.

మేం నేర్చుకున్న రోజుల్లో ట్రిమ్మర్ అంటే ఫైల్ ట్రిమ్ డై. గట్టిపరచిన ఉక్కు డైని ప్రెస్సులో పెట్టి కేసుని పైకి తోస్తే, అదనంగా ఉన్న మూతి డై మీదకి తొంగి చూస్తుంది. దాన్ని ఆకురాయితో అరగదియ్యడమే. ఆకురాయి ఉక్కుకి తగిలి జారిపోగానే అయిపోయినట్టు. నిదానం పని. కానీ బొబ్బలు లేచేవి కావు సుమా.

#7 కొత్తచేయి

> కొలిచింది డీబర్ చెయ్యకముందా, తర్వాతా?

ముందే, పెద్దాయనా. సిగ్గుగా ఉంది.

లేత్‌బాబు గారి పరీక్ష రాత్రి చేశాను. ఒకే కేసు, పదిసార్లు, డీబర్ చేసి, క్యాలిపర్ ఊపుతూ కొలిచాను. మొదటిసారి 2.007. నాలుగోసారికి 2.004. ఏడోసారి మళ్ళీ కట్టర్‌కి ఇత్తడి తగిలి 2.002కి వచ్చింది. ఆ పైన ఆగింది. అంటే ఐదు థౌలు పట్టులోనే పోతున్నాయి. మిగతా రెండూ నా కొలతలో పోయినట్టున్నాయి.

ఇంకోటి కూడా గమనించాను. పాత ప్రైమర్లు తియ్యకుండానే కోస్తున్నాను. కొన్నిటికి ప్రైమర్ అడుగు మట్టం కంటే కొంచెం బయటికి తోసుకొచ్చి ఉంది.

#8 లేత్‌బాబు

ప్రైమర్ తియ్యకుండా సైజు ఎలా చేశారండీ? డైలో డీక్యాపింగ్ పిన్ను తీసేశారా?

#9 కొత్తచేయి

అవునండీ. ఒకసారి పిన్ను విరిగింది. అప్పట్నుంచి ప్రైమర్లు విడిగా చివర్లో తీస్తున్నాను. పిన్నుతోపాటు ఆ కడ్డీ కూడా డైలోంచి తీసి పక్కన పెట్టేశాను.

#10 లేత్‌బాబు

కడ్డీ తీశారంటే ఎక్స్‌పాండర్ గుండు (మెడని లోపలి నుంచి కొలతకి వెడల్పు చేసేది) కూడా తీసినట్టే. అంటే మీ మెడ లోపలి వ్యాసం మామూలు కంటే బిగువుగా ఉంటోంది. ట్రిమ్మర్ పైలట్ (కట్టర్ ముందు మెడలోకి దూరే కడ్డీ) అందులో బలవంతంగా దూరుతోంది. బొబ్బలు ఎందుకు లేచాయో ఇప్పుడర్థమైంది. పైలట్ మెడలో వేలితో తిప్పితే తిరగాలి, ఆట ఉండకూడదు. పట్టేసినట్టు తిరిగితే మెడ లోపల గీతలు పడతాయి, ఇత్తడి పైలట్‌కి అంటుకుంటుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు ప్రైమర్ తీసెయ్యండి. కేసులు శుభ్రం చేసి, లూబ్ (జారడానికి రాసే జిడ్డు) రాసి, గుండుతో సహా సైజు చెయ్యండి. లూబ్ తుడిచేశాక అప్పుడు కొలిచి, కోసి, చాంఫర్, డీబర్. సైజు చెయ్యకముందు ట్రిమ్ చేస్తే దండగ. కేసు పొడుగయ్యేదే డైలో.

#11 గట్లనే

> కేసు పొడుగయ్యేదే డైలో.

గిది నాకు సమజ్ గాలే. పేల్చినప్పుడు గాదా పొడుగయ్యేది?

#12 సింగిల్‌షాట్

పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి చాంబర్ గోడలకి అతుక్కుంటుంది. వ్యాసం పెరుగుతుంది. డైలో దాన్ని మళ్ళీ చుట్టూ నొక్కుతాం. నొక్కిన ఇత్తడి ఎక్కడికో పోవాలి కదా. జంతికల గొట్టం నొక్కినట్టే, దారి ఉన్నవైపుకి, అంటే మూతివైపుకి జరుగుతుంది. కిందకి దిగేటప్పుడు ఎక్స్‌పాండర్ గుండు మెడని పట్టి ఇంకొంచెం లాగుతుంది. మెడ లోపల లూబ్ లేకపోతే అది కీచుమని అరుస్తుంది కూడా.

కొత్తచేయీ, నువ్వు మొదట్లో రాసిన ఒక మాట నన్ను అప్పట్నుంచీ తొలుస్తోంది. "ప్రతిసారీ ట్రిమ్ చేస్తున్నాను" అన్నావు. 2.005కి కోసినది ఒక్కసారి పేలి, సైజు అయ్యేసరికి 2.015 దాటుతోందంటే, ఒక్క రౌండుకి పది థౌలు పెరిగినట్టు. నీ కొలతలో రెండు మూడు థౌలు తీసేసినా ఏడెనిమిది మిగులుతాయి. నా .308 ఒక రౌండుకి రెండు కూడా పెరగదు, నాలుగైదుసార్లకి ఒకసారి కోస్తాను. డై ఎలా సెట్ చేశావు?

#13 కొత్తచేయి

డబ్బాలో వచ్చిన కాగితంలో ఉన్నట్టే అక్కా. ప్రెస్సు ర్యామ్ (కేసుని పైకి తోసే కడ్డీ) పైకెత్తి, డై షెల్ హోల్డర్‌కి (ర్యామ్ మీద కేసు అడుగుని పట్టేది) తగిలేదాకా దింపి, ఆ పైన ఇంకో పావు చుట్టు.

#14 పెద్దకళ్ళజోడు

ట్రిమ్మర్ సంగతి పక్కన పెట్టు. ఈ వారం ఆ కేసులు పేల్చకు.

డై మర అంగుళానికి పద్నాలుగు చుట్లు. అంటే ఒక చుట్టుకి 71 థౌలు, పావు చుట్టుకి దాదాపు 18. అందులో చాలావరకు ప్రెస్సు వంగడంలోనే పోతుంది, నిజమే. అయినా కేసు లోపలున్నప్పుడు కూడా డై షెల్ హోల్డర్‌కి గట్టిగా ఆని, నీ కేసు భుజాన్ని పూర్తిగా వెనక్కి నెట్టేస్తోంది. డైలు, చాంబర్లు అన్నీ ఒకే కొలతకి రావు కాబట్టి, ఎవరి తుపాకీలోనైనా పట్టాలని అలా రాస్తారు. నీ తుపాకీకి అది ఎక్కువై ఉండొచ్చు.

భుజం వెనక్కి పోతే కేసు చాంబర్‌లో వదులుగా ఉంటుంది. ఫైరింగ్ పిన్ను దాన్ని ముందుకు నెడుతుంది. పేలగానే పల్చని గోడలు చాంబర్‌ని పట్టుకుని ఉండిపోతాయి, బలమైన అడుగు మాత్రం వెనక్కి సాగి బోల్టుకి కొట్టుకుంటుంది. ఆ సాగడం ఎక్కడ జరుగుతుందో తెలుసా? అడుగున మందం అయిపోయి గోడ మొదలయ్యేచోట. మళ్ళీ సైజు చేస్తావు, ఇత్తడి ముందుకు జరుగుతుంది. నువ్వు ప్రతిసారీ మూతి దగ్గర కోసి పారేస్తున్న ఇత్తడి అక్కడి నుంచి వచ్చిందే. నాలుగుసార్లు ఏడెనిమిది థౌల చొప్పున లెక్కేసుకో.

ఒక కేసు తీసుకుని ఎండలో పట్టుకుని చూడు. అడుగు నుంచి అర అంగుళం లోపు, చుట్టూ మెరిసే సన్నని వలయం కనిపిస్తుందేమో. తర్వాత పేపర్ క్లిప్ ఒకటి నిటారుగా చేసి, కొస చిన్న కొక్కెంలా వంచి, పదును పెట్టి, కేసులోకి దించి గోడ వెంబడే కింద నుంచి పైకి లాగు. ఎక్కడైనా కాలవలో పడ్డట్టు టక్కుమని ఆగితే ఆ కేసు పనైపోయింది. డైలో నొక్కుకున్న మామూలు గీత కూడా పైకి మెరుస్తుంది, అది చూసి కంగారుపడకు. లోపల కొక్కెం ఆగిందా లేదా అన్నదే లెక్క.

#15 కొత్తచేయి

వలయం ఉంది. వందలో ముప్పై ఒక్కదానికి స్పష్టంగా కనిపిస్తోంది. కొక్కెం పందొమ్మిదింటిలో ఆగింది.

నమ్మబుద్ధి కాక ఒకదాన్ని హ్యాక్‌సా బ్లేడుతో నిలువునా రెండు చెక్కలు చేశాను. అడుగు నుంచి పైకి వస్తూ గోడ మందం నున్నగా తగ్గుతూ వస్తోంది. ఒకచోట మాత్రం లోపలి వైపు గోరుతో నొక్కినట్టు సన్న కాలవ, చుట్టూతా. దాని దగ్గర మిగిలిన గోడ విజిటింగ్ కార్డు అంచంత ఉంది. ఆ రెండు చెక్కలూ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. పోయిన నెల వీటినే గడ్డం ఆనించి పేల్చాను.

#16 మోడరేటర్

కొత్తచేయి గారూ, ఆ వందా ఒకే బ్యాచ్, ఒకేలా సైజు అయినవి కాబట్టి కొక్కెం ఆగనివాటిని కూడా వాడొద్దు. మూతి ప్లయర్‌తో నలిపేసి తుక్కులో వెయ్యండి, ఇంకెవరూ ఏరుకుని వాడుకోకుండా. కేసు అడుగు విడిపోతే ఆ గ్యాసు ముఖం వైపే వస్తుంది.

మళ్ళీ మళ్ళీ చెప్పేదే అయినా ఇంకోసారి. రీలోడింగ్‌కి మీరుండే చోట ఏ అనుమతులు కావాలో అవి చేతిలో ఉన్నాకే పని మొదలుపెట్టండి. ఇక్కడ పౌడరు మోతాదుల చర్చ వద్దు.

#17 రివాల్వర్‌రావు

మొన్న వెటకారంగా రాసినందుకు మన్నించండి. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ముఖం బాగానే ఉన్నందుకు సంతోషం.

#18 సింగిల్‌షాట్

కొత్త కేసులతో మొదలుపెట్టేటప్పుడు డై ఇలా సెట్ చేసుకో.

ముందు ఆ తుపాకీలో పేలిన కేసులు ఐదారు కావాలి. ప్రైమర్ తీసేసి, క్యాలిపర్‌కి తగిలించే కంపారేటర్‌తో అడుగు నుంచి భుజం వరకు కొలువు. అంకె ఎంతైనా ఫర్వాలేదు, అది నీ చాంబర్ అంకె, రాసిపెట్టుకో. డైని షెల్ హోల్డర్‌కి తగలనంత పైకి విప్పి పెట్టి, ఒక కేసు సైజు చేసి కొలువు. కొద్దికొద్దిగా దింపుతూ పో. భుజం మొదట కాస్త ముందుకి పెరుగుతుంది, తప్పు చేశానేమోనని భయపడకు. ఒళ్ళు నొక్కుకుంటే భుజం ముందుకొస్తుంది, డై పైభాగం ఇంకా దాన్ని తాకలేదు కాబట్టి. ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. పేలిన కొలత కంటే రెండు థౌలు తగ్గినచోట లాక్ రింగ్ బిగించెయ్. పెద్దాయన చెప్పిన మర లెక్కన పది డిగ్రీలు తిప్పితే రెండు థౌలు. డై మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే సులువు.

మెడ లోపల కాస్త లూబ్ మరిచిపోకు.

ట్రిమ్ ఎంత చెయ్యాలన్నదీ చెప్పేస్తాను. 2.015 దాటనివ్వకూడదు, అది రాజీ లేనిది. మూతి చాంబర్ చివరికి వెళ్ళి గుద్దుకుంటే బుల్లెట్‌ని మెడ వదలదు, ఒత్తిడి విపరీతంగా పెరిగిపోతుంది. 2.005 అన్నది మాత్రం సౌకర్యం కోసం పెట్టుకున్న అంకె. అన్నీ 2.008 వచ్చినా నీకు జరిగే నష్టం లేదు. సమానంగా ఉంటే చాలు. ఒక తేలిక పరీక్ష కూడా ఉంది. పేలిన కేసు మూతిలో కొత్త బుల్లెట్ వేలితో దూరాలి. దూరకుండా పట్టేస్తే, మెడ వదలడానికి చోటు లేదన్నమాట. అప్పుడు ఆగి చూసుకోవాలి.

#19 గట్లనే

రాత్రి నా బకెట్లు గూడ దీసిన. .223వి, గరిష్ఠం 1.760 కదా, నేను 1.750కి కోస్త. నాయి ఎన్నిసార్లు పేలినయో నాకే లెక్కలేదు. పేపర్ క్లిప్‌తోని రెండు గంటలు గూసున్న. రెండింట్ల ఆగింది. రెండే గదా అని మా ఇంట్ల అన్నది. ఆ రెండు నా మొఖం ముంగట పేల్తయి గదనే అన్న.

ఇగ నుంచి యాభైకో డబ్బా. డబ్బా మీద ఎన్నిసార్లు పేల్చినం, ఎన్నిసార్లు కోసినం, రాసుడే.

#20 కొత్తచేయి

మూడు నెలల తర్వాత వస్తున్నాను. కొత్త కేసులు యాభై, ఇప్పటికి మూడుసార్లు పేలాయి. సింగిల్‌షాట్ అక్క చెప్పినట్టే డై సెట్ చేశాను. పాత అమరిక కంటే దాదాపు ముప్పాతిక చుట్టంత తేడా వస్తుందనుకున్నాను. మార్కర్ గీత చూస్తే పావు చుట్టు కంటే కాస్త ఎక్కువ జరిగింది, అంతే. ఆ కాస్తే.

మొదటిసారి సైజు అయ్యాక అన్నీ ఒకే పొడవుకి ఒక్కసారి కోశాను. మూడు రౌండ్లు అయ్యేసరికి నాలుగైదు థౌలు పెరిగాయి. ఇంకా గరిష్ఠానికి దూరంగానే ఉన్నాయి. కొక్కెం ఎక్కడా ఆగలేదు.

ఇక ట్రిమ్మర్ సంగతి. ఏడాదికి రెండుసార్లు యాభై కేసులకి మోటారు మిషన్ ఎందుకనిపించింది. లీ వాళ్ళ గేజి, లాక్ స్టడ్, కట్టర్ తీసుకున్నాను. గేజి పిన్ను ఫ్లాష్ హోల్‌లోంచి (ప్రైమర్ నిప్పు లోపలికెళ్ళే రంధ్రంలోంచి) దిగి కేసు కూర్చున్న స్టడ్‌కి ఆనగానే కట్టర్ తిరిగినా ఇక కొయ్యదు. ప్రైమర్ తియ్యకుండా అసలు పని మొదలే కాదు, నాలాంటివాడికి అదే మంచిది. పొడవు మార్చుకోవడానికి లేదు, వాళ్ళు ఇచ్చిందే మనది. యాభైకి యాభై ఒక థౌ లోపే వచ్చాయి.

#21 లేత్‌బాబు

మంచి ఎంపిక. పొడవు ఇంకొంచెం పొట్టిగా కావాలంటే ఆ పిన్ను కొసని నూనెరాయి మీద రుద్దుకునేవాళ్ళు ఉన్నారు. ఎక్కువ రుద్దితే మళ్ళీ అతికించలేం, అంతే సంగతి. వేలమీద కేసులు చేసేవాళ్ళకి అయితే కథ వేరు. జిరాడ్ మోటారు ట్రిమ్మర్ కోయడం, లోపల చాంఫర్, బయట డీబర్ మూడూ ఒకేసారి చేసేస్తుంది. డిల్లన్‌ది ప్రెస్సు మీద కూర్చుని, సైజు చేస్తూనే కోస్తుంది, రజను లాగడానికి వాక్యూమ్ తగిలించుకోవాలి. మీకు రెండూ అక్కర్లేదు.

చాంఫర్ మాత్రం అతి చెయ్యకండి. మూతి అంచు కత్తిలా పల్చబడిందంటే ఎక్కువైనట్టే. చదునుగా సన్నని గీత మిగలాలి. పడవ తోక (బోట్ టెయిల్, అంటే అడుగు సన్నబడిన) బుల్లెట్లకి మామూలు చాంఫరే చాలు. చదును అడుగు ఉన్నవాటికీ పొడవాటివాటికీ ఏటవాలు ఎక్కువున్న వీఎల్‌డీ రకం చాంఫర్ పనిముట్టు సుఖంగా ఉంటుంది.

#22 పెద్దకళ్ళజోడు

ఆ పాత కోలెట్‌ది ఏం చేశావు?

#23 కొత్తచేయి

అటక మీద ఉంది పెద్దాయనా. ఎవరికైనా ఇద్దామంటే మనసొప్పక.

#24 పెద్దకళ్ళజోడు

ఇచ్చేముందు కోలెట్ విప్పి, కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత పళ్ళ బ్రష్‌తో చీలికల మధ్య తోము.

#25 కొత్తచేయి

తోమాను. రెండో చీలికలోంచి ఇత్తడి రేకు ఒకటి ఊడొచ్చింది. చింతాకంత ఉంది, ఎన్నేళ్ళుగా నలిగి నలిగి అద్దంలా తయారైంది. కోలెట్ మూసుకున్నప్పుడల్లా ఒక పక్క దాని మీద ఎక్కి కూర్చునేదన్నమాట.

తుడిచి, చుక్క నూనె వేసి, నలిపెయ్యకుండా ఉంచుకున్న పాత కేసు ఒక్కటి బిగించి మళ్ళీ పదిసార్లు చేశాను. మొత్తం తేడా ఒకటిన్నర థౌలు.

#26 గట్లనే

అన్నా, గది నాకియ్యవా? .308 గూడ మొదలుపెడ్దమనుకుంటున్న.